రాతి గుంటల జీవులా, లోతు నీటి జీవులా? చల్లని సముద్రపు ట్యాంకుకు ఏది మేలు?

చల్లని సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు అక్కడి జీవులతోనే అక్వేరియం ట్యాంకు పెట్టాలనుకుంటే, సైజు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది: ఆటు వేళ రాళ్ల మధ్య గుంటల్లో మిగిలిపోయే జీవులను పెంచాలా, ఎప్పుడూ నీటి అడుగునే ఉండే వాటినా?

లోతు నీటి సముద్రపు పూలు (అనిమోన్లు), నక్షత్ర చేపలు చాలా అందంగా ఉంటాయి. కానీ వాటి ఇంట్లో వేడి నెలల తరబడి, మెల్లగా మారుతుంది. ట్యాంకులో పంపు, లైటు కూడా నీటిని వేడెక్కిస్తాయి. లీటరు సముద్రపు నీరు 10 డిగ్రీల దగ్గర దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది. 20 డిగ్రీలకు అది 7.4కు పడిపోతుంది. అదే సమయంలో జీవికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. ఎండాకాలం రాత్రి చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) ఆగిపోతే, తెల్లారేసరికి ట్యాంకు ఏమవుతుందోనన్న టెన్షన్ తప్పదు.

రాతి గుంటలో పుట్టిన జీవికి మార్పు అలవాటే. ఎండకు గుంట కాగుతుంది, వానకు ఉప్పు పలచబడుతుంది, పోటు రాగానే మళ్లీ చల్లబడుతుంది. ఆటు వేళ ఎర్రటి ముద్దలా ముడుచుకుని రాయికి అతుక్కునే బీడ్‌లెట్ అనిమోన్‌నే చూడండి. స్కాట్లండ్‌లో ప్రకృతి శాస్త్రవేత్త సర్ జాన్ డాలియెల్ 1828లో ఒకదాన్ని తెచ్చి గాజు జాడీలో పెట్టారు. చిల్లర్ లేదు, ఫిల్టర్ లేదు, సముద్రపు నీరు మారుస్తూ ఉండేవారు, అంతే. ఆయన పోయాక కూడా వేరేవాళ్ల చేతుల్లో అది 1887 దాకా బతికింది! అందుకే మొదటి ట్యాంకుకు నా ఓటు వీటికే. అలాగని చిల్లర్ అక్కర్లేదని కాదు. కాసేపు వేడి తట్టుకోవడం వేరు, ఎండాకాలమంతా అందులోనే ఉండటం వేరు. చిల్లర్ చెడినా సరిచేసుకునే వ్యవధి ఉంటుంది, అదీ లాభం.

నీరు ఎక్కడిది? శుభ్రమైన ఒడ్డు దగ్గరుంటే అక్కడి నీరు మంచిదే. నది కలిసే చోట, వాన పడిన వెంటనే మాత్రం తేవద్దు. లేదంటే ఆర్‌.ఓ. నీటిలో సముద్రపు అక్వేరియంల కోసం అమ్మే ఉప్పు మిశ్రమం లీటరుకు దాదాపు 35 గ్రాములు కలపాలి. వంట ఉప్పు పనికిరాదు.

చల్లని నీటిలో మేలు చేసే బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. వెచ్చని ట్యాంకు కంటే ఎక్కువ వారాలు పట్టినా, అది విరగ్గొట్టే విషాలు, అంటే వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా, నైట్రైట్, సున్నాకు వచ్చేదాకా ఆగండి. ఆ తర్వాత రెండు నత్తలు, ఓ చిన్న రొయ్య, ఒక అనిమోన్ చాలు. ఒడ్డు పీతను మిగతావాటితో కలపకండి, దొరికినవాటిని తినేస్తుంది.

సేకరించే ముందు ఆ తీరం నిబంధనలు తెలుసుకోండి. ఎత్తిన రాయిని అదే వైపుకు, అదే చోట తిరిగి పెట్టండి. దాని కింద ఇంకా ఎన్నో బతుకుతుంటాయి.