పిల్లల మెదడువాపుకు బయోఫైర్ ఎంఈ ప్యానెల్: తిరుపతి, చిత్తూరు వైపు ఎంత పనికొస్తుంది?

జ్వరం, ఫిట్స్, మగత. పలమనేరు నుంచో శ్రీకాళహస్తి నుంచో తిరుపతికి రిఫర్ అయి వచ్చే పిల్లకి అప్పటికే ఒక డోసు సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్ పడి ఉండటం మామూలే. ఆ తర్వాత నడుము నుంచి తీసిన సీఎస్ఎఫ్‌ని (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిని) కల్చర్ పెడితే, అంటే క్రిముల్ని పెంచి చూస్తే, చాలాసార్లు ప్లేటు మీద ఏమీ మొలవదు. మందు పడ్డ కొన్ని గంటలకే బ్యాక్టీరియా చస్తుంది గానీ దాని డీఎన్‌ఏ అంత త్వరగా పోదు. మెదడువాపు, మెదడు పొరల వాపు తెచ్చే క్రిముల్ని ఒకేసారి వెతికే బయోఫైర్ ఫిల్మ్‌అరే మెనింజైటిస్-ఎన్‌సెఫలైటిస్ (ఎంఈ) ప్యానెల్ పట్టుకునేది దాన్నే. ఈ పరీక్ష చేసే పెట్టె కొనడానికి ఇంతకన్నా గట్టి కారణం లేదు.

2015లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన పరీక్ష ఇది. ఆరు బ్యాక్టీరియాలు, ఏడు వైరస్‌లు, క్రిప్టోకాకస్ ఫంగస్, మొత్తం 14 లక్ష్యాలు. కావాల్సింది 200 మైక్రోలీటర్లు, అంటే సుమారు నాలుగు చుక్కలు. యంత్రంలో పెట్టిన గంటకు రిపోర్టు వస్తుంది.

పౌచ్ అంటే నమూనా పోసి యంత్రంలో పెట్టే, ఒక్కసారే వాడే సంచి. దాన్ని ఎక్కించడం రెండు నిమిషాల పని, కానీ తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. పౌచ్ లోపల వాక్యూమ్ ఉంటుంది. ద్రవం ఉన్న నీలం మూత వయల్‌ని (చిన్న సీసాని) పౌచ్ నీలం వైపు గట్టిగా నొక్కితే చిన్న ‘టప్’ శబ్దం వచ్చి ద్రవం దానంతట అదే లోపలికి లాక్కోవాలి. లాక్కోకపోతే ఇంకోసారి నొక్కి చూడాలి. అప్పుడూ కదలకపోతే వాక్యూమ్ పోయినట్టే, ఆ పౌచ్ పారేయాల్సిందే. తర్వాత ఎర్రమూత వయల్‌లో బఫర్, సీఎస్ఎఫ్ పోసి, మూడుసార్లు తలకిందులు చేసి కలిపి, ఎర్ర వైపు ఎక్కించాలి. సీఎస్ఎఫ్‌ని ముందుగా సెంట్రిఫ్యూజ్ తిప్పకూడదు. కవరు విప్పిన పౌచ్‌ని అరగంటలోపు వాడేయాలి.

మాస్క్ లేకుండా, గాలి ఆడే బల్ల మీద ఈ పని చేయొద్దు. న్యూమోకాకస్, హీమోఫిలస్ బ్యాక్టీరియాలు మన ముక్కుల్లో, గొంతుల్లో ఉండేవే. టెక్నీషియన్ తుమ్మితే రిపోర్టులో పాజిటివ్ వచ్చే ప్రమాదం ఉంది. న్యూమోకాకస్ పాజిటివ్ వచ్చి సీఎస్ఎఫ్‌లో కణాలు, షుగర్, ప్రొటీన్ అన్నీ మామూలుగా ఉంటే ముందు అనుమానించాల్సింది బల్లని, పిల్లని కాదు.

పౌచ్‌లు 15–25 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మే నెల తిరుపతిలో ఏసీ లేని స్టోర్ రూమ్‌లో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రన్ మధ్యలో కరెంటు పోతే పౌచ్ పోయినట్టే, మళ్లీ వాడటానికి కుదరదు. ఒక్కోటి వేలల్లో ఉంటుంది కాబట్టి యూపీఎస్ లేకుండా యంత్రం పెట్టకండి.

ఇక నెగటివ్‌ని ఎంత నమ్మాలి? వైరస్ తక్కువగా ఉన్నప్పుడు హెర్పిస్‌ని ఈ ప్యానెల్ వదిలేయగలదు. జబ్బు మొదలైన మొదటి మూడు రోజుల్లో తీసిన నమూనా అయితే మరీను. ఎంఆర్ఐలో టెంపోరల్ భాగం దెబ్బతిన్నట్టు కనిపిస్తుంటే ఒక్క నెగటివ్ చూసి హెర్పిస్ మందు ఎసైక్లోవిర్ ఆపొద్దు, మూడు నుంచి ఏడు రోజుల్లో మళ్లీ పంపాలి. హెచ్‌హెచ్‌వీ-6 (హెర్పిస్ కుటుంబపు వైరస్) పాజిటివ్‌ది ఇంకో తంటా: కొందరికి ఆ వైరస్ పుట్టుకతోనే క్రోమోజోమ్‌లో ఉంటుంది, జబ్బుకు కారణం అదే కానక్కర్లేదు. ఈ.కోలైలో కే1 రకాన్నే చూస్తుంది. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చెప్పదు కాబట్టి కల్చర్ మానకూడదు. షంట్ (మెదడులో ఎక్కువైన నీటిని మళ్లించే గొట్టం) నుంచి తీసిన నీటికి ఈ ప్యానెల్ ఉద్దేశించింది కాదు.

మన వైపు అసలు చిక్కు వేరే. జపనీస్ ఎన్‌సెఫలైటిస్, డెంగీ, టీబీ, స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం): ఈ నాలుగింటిలో ఒక్కటీ ఆ పద్నాలుగులో లేదు. వానలు మొదలయ్యాక చలికాలం దాకా జ్వరంతో మగతగా వచ్చిన పిల్లకి చంకలు, గజ్జలు, చెవి వెనక వెతకండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే అది స్క్రబ్ గుర్తు, ప్యానెల్ కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టొచ్చు. పెచ్చు లేనంత మాత్రాన స్క్రబ్ కాదనుకోవద్దు, రక్తంలో ఐజీఎం (కొత్త ఇన్‌ఫెక్షన్‌కి ఒంట్లో పుట్టే యాంటీబాడీ) చూడాలి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (జేఈ) వైరస్ రక్తంలో కొద్దిరోజులే ఉంటుంది, అందుకే దానికి పీసీఆర్ (వైరస్ జన్యువుల్ని వెతికే పరీక్ష) కన్నా సీఎస్ఎఫ్‌లో ఐజీఎం ఎలైజానే మేలు. టీబీకి ఎక్స్‌పర్ట్ అల్ట్రా పరీక్షకి వేరుగా పంపాలి, సర్కారు టీబీ కార్యక్రమంలో అది ఉచితం. అదీ నెగటివ్ వస్తే టీబీ లేదని కాదు.

అందుకని ట్యూబులు ముందే పంచుకోవాలి. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం), కల్చర్‌కి 20 చుక్కలు, షుగర్-ప్రొటీన్‌కి 10 (రక్తంలో షుగర్ కూడా అప్పుడే తీయాలి), కణాలకి 10, ప్యానెల్‌కి 10, మిగిలిందంతా టీబీకి, జేఈకి. కణాలు గంటలోపు లెక్కపెట్టాలి, ఆలస్యమైతే చెదిరిపోతాయి. నడుములో నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతాయని భయపడి అమ్మానాన్నలు ఒప్పుకునేది ఒక్కసారికే, ఆ ఒక్కసారి తీసిన చుక్కల్ని వృథా చేయొద్దు.

మార్కులు వేయమంటే ఐదుకి మూడున్నర. నెలల పసికందులకి, ముందే యాంటీబయాటిక్ పడ్డవాళ్లకి నాలుగున్నర. ఎంటెరోవైరస్ పాజిటివ్ వచ్చి, పిల్ల కోలుకుంటూ, కణాలు, షుగర్ కూడా దానికి సరిపోతుంటే యాంటీబయాటిక్ త్వరగా ఆపే ధైర్యం వస్తుంది. ఇక యంత్రం పెట్టేముందు నైట్ డ్యూటీలో పౌచ్ ఎవరు ఎక్కిస్తారో తేల్చుకోండి. రాత్రి పదికి తీసిన నమూనా పొద్దున తొమ్మిదికి టెక్నీషియన్ వచ్చేదాకా ఉంటే అది పన్నెండు గంటల పరీక్ష. అలా ఉంచాల్సి వస్తే ప్యానెల్ ట్యూబు ఫ్రిజ్‌లో ఏడు రోజుల దాకా ఉండొచ్చు. కల్చర్ ట్యూబు మాత్రం ఎప్పుడూ బయటే, చల్లదనానికి మెనింగోకాకస్, హీమోఫిలస్ చచ్చిపోతాయి.