పీటర్, కేథరిన్, రెండో అలెగ్జాండర్: రష్యా రైతుకు ఎవరి ఏలుబడి మేలు?

విశాలాంధ్ర బుక్ హౌస్‌లో చవగ్గా దొరికిన రష్యన్ పుస్తకాలు చదివి పెరిగిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే అచ్చువేసి పంపిన ఆ పుస్తకాల నిండా పల్లె, మంచు, అప్పు, ఆకలి, ముసలి రైతు. అయితే రష్యా చక్రవర్తుల్లో ఎవరు గొప్ప అన్న మాట వచ్చేసరికి అదే పాఠకులు రాజభవనాల వైపు తిరిగిపోతారు. కొందరు పీటర్ ది గ్రేట్ అంటారు, కొందరు కేథరిన్ ది గ్రేట్ అంటారు. ఆ బిరుదులే తీర్పు చెప్పేసినట్టు చర్చ అక్కడితో ఆగిపోతుంది. వాళ్ల పక్కన నేను మూడో పేరు పెడతాను: 1861లో రైతుల్ని విడుదల చేసిన రెండో అలెగ్జాండర్. గెలిచిన యుద్ధాలు, కట్టించిన భవనాలు కాసేపు పక్కన పెట్టి, పొలం దున్నేవాడి వైపు నిలబడి అడుగుదాం. పన్ను ఎంత? కొడుకుని పట్టుకుపోతారా? దొర కొడితే చెప్పుకునే దిక్కు ఉందా? దున్నే భూమి ఎవరిది?

పీటర్ పుట్టేనాటికే రష్యా రైతు కట్టుబడి ఉన్నాడు. పీటర్ తండ్రి జార్ అలెక్సేయ్ 1649లో చేసిన చట్టం రైతుని భూమికి, భూమిని ఏలే దొరకి ముడివేసింది. పారిపోయినవాడిని ఎన్నేళ్ల తర్వాతైనా పట్టి తెచ్చుకోవచ్చు. ఇలా కట్టుబడినవాళ్లనే సెర్ఫులు అంటారు. దొర పొలంలో వారానికి ఇన్ని రోజులని వెట్టి చేయాలి, లేదా ఏడాదికి ఇంత అని డబ్బు కట్టాలి. పెళ్లికీ, ఊరు దాటడానికీ దొర అనుమతి ఉండాలి.

పీటర్ ఆ ముడి విప్పలేదు, ఇంకా బిగించాడు. 1705 నుంచి 20 ఇళ్లకి ఒక మనిషి చొప్పున సైన్యానికి పట్టుకెళ్లడం మొదలైంది. వెళ్లినవాడు బతికున్నంతకాలం సిపాయే. అందుకే వాడిని సాగనంపే రోజున ఇంట్లో ఆడవాళ్లు చావు ఏడుపులు ఏడ్చేవాళ్లు. స్వీడన్‌తో 21 ఏళ్లు సాగిన యుద్ధం ఈ పిల్లలతోనే గెలిచారు. 1703లో నెవా నది ఒడ్డున బురదనేలలో పునాది పడ్డ పీటర్స్‌బర్గ్‌ని కట్టడానికి పల్లెల నుంచి ఏటా వేలమందిని తోలుకెళ్లారు. గడ్డాల పన్ను కథ అందరూ సరదాగా చెప్పుకుంటారు. పల్లెలో ఉన్నంతవరకు రైతు గడ్డం జోలికి ఎవరూ రాలేదు గానీ, పట్నం గేటు దాటితే మాత్రం గడ్డానికి ఒక కోపెక్, అంటే రూబులులో నూరో వంతు, కట్టాల్సి వచ్చేది.

వీటన్నిటికంటే ఎక్కువకాలం బతికింది తలపన్ను. 1724 నుంచి ప్రతి మగ తలకి 74 కోపెక్కులు, మరుసటి ఏడాది నుంచి 70. పొత్తిళ్లలో బిడ్డకీ అంతే, మంచం పట్టిన ముసలివాడికీ అంతే. జనాభా లెక్క మళ్లీ తీసేదాకా చచ్చిపోయినవాడి పేరు మీద కూడా వసూలు చేసేవాళ్లు. గోగోల్ ‘మృతజీవులు’ నవలలో చిచికోవ్ చచ్చినవాళ్లని కొనుక్కుంటూ ఊళ్లు తిరగగలిగాడంటే ఈ పన్ను లెక్కల పుణ్యమే. అప్పటిదాకా విడిగా ఉన్న బానిసలు కూడా ఈ లెక్కతో సెర్ఫుల్లో కలిసిపోయారు. 1721లో ఫ్యాక్టరీల కోసం ఊళ్లకి ఊళ్లు కొనుక్కునే హక్కు వ్యాపారులకి దక్కింది.

ఇంత చెప్పాక కూడా పీటర్ పక్షాన ఒక మాట అనాలి. ఆయన దొరలనీ వదల్లేదు. జమీందారు కొడుకు కూడా కింది మెట్టు నుంచి మొదలుపెట్టి జీవితాంతం సైన్యంలోనో దఫ్తరులోనో చాకిరీ చేయాల్సిందే. 1722లో పెట్టిన 14 మెట్ల హోదాల పట్టిక ప్రకారం, సైన్యంలో ఆఫీసర్ మెట్టెక్కిన మామూలు మనిషికి కులీన హోదా వచ్చేది. రైతు దొరకి, దొర రాజ్యానికి. దారుణమైన ఏర్పాటే, అయినా అందులో ఒక లెక్క ఉంది. ఆ లెక్క తప్పింది 1762లో.

ఆ ఏడాది ఫిబ్రవరి 18న, పాత రష్యా క్యాలెండర్ ప్రకారం, అప్పటి చక్రవర్తి, పీటర్ మనవడు మూడో పీటర్ దొరలకి ప్రభుత్వ కొలువు చేయాల్సిన బాధ్యత తీసేశాడు. దొర రాజ్యానికి చేయాల్సింది ఏమీ లేకపోతే రైతు దొరకి ఎందుకు చేయాలి? రైతులకి ఈ ప్రశ్న వెంటనే తట్టింది, తమకీ విడుదల వస్తుందని ఎదురు చూశారు. కొన్ని నెలలకే మొగుణ్ణి గద్దె దింపి కేథరిన్ ఎక్కింది. దొరలకి దక్కిన ఆ స్వేచ్ఛని 1785లో సనదు రాసిచ్చి మరీ ఖాయం చేసింది. రైతు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాడు.

మనలో చాలామందికి కేథరిన్ అంటే చదువుకున్న రాణి. ఫ్రెంచ్ మేధావి వోల్టేర్‌తో ఉత్తరాలు, పీటర్స్‌బర్గ్‌కి వచ్చి మాట్లాడిన ఇంకో ఫ్రెంచ్ మేధావి దిదెరో, హెర్మిటేజ్ చిత్రాలు, ఆడపిల్లలకి స్మోల్నీ విద్యాలయం. 1768లో ఇంగ్లండ్ నుంచి డాక్టర్ డిమ్స్‌డేల్‌ని పిలిపించి మశూచి రాకుండా టీకా ముందు తానే వేయించుకుంది. ఇవన్నీ నిజమే, ఆమె తెలివిని, తెగువని నేనూ గౌరవిస్తాను. అందుకే ఆమె మీద నా కోపం ఎక్కువ. తెలియక చేసినది కాదు కదా.

1767 చూడండి. కొత్త చట్టాలు రాయడానికి దేశం నలుమూలల నుంచి 500 మందికి పైగా ప్రతినిధుల్ని రప్పించింది. వాళ్లకి దారి చూపడానికి ఫ్రెంచ్ మేధావుల ఆలోచనలతో స్వయంగా ఒక సూచనల గ్రంథం రాసింది. ఆ సభలో ప్రభుత్వ భూముల రైతులకి చోటు దొరికింది గానీ దొరల కింద ఉన్న సెర్ఫులకి ఒక్క కుర్చీ లేదు. అదే ఏడాది ఆగస్టులో ఇంకో ఆజ్ఞ వచ్చింది: దొర మీద రాణికి అర్జీ పెట్టుకునే సెర్ఫుకి కొరడా దెబ్బలు, ఆపైన సైబీరియాలోని నెర్చిన్‌స్క్ గనుల్లో శిక్ష. రెండేళ్ల ముందే, నచ్చని సెర్ఫుని కఠిన శిక్షకి పంపించే అధికారం దొరల చేతికి ఇచ్చేసింది. దిక్కు ఉందా అన్న ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

ఆ ఆజ్ఞ ఎంత ఘోరమో సాల్తికోవా కేసు చూస్తే తెలుస్తుంది. మాస్కో దగ్గరి ఈ జమీందారిణి తన సెర్ఫుల్ని, ముఖ్యంగా ఆడవాళ్లని, కొట్టి చంపించేది. భార్యల్ని పోగొట్టుకున్న ఇద్దరు రైతులు 1762లో పీటర్స్‌బర్గ్ దాకా వెళ్లి కొత్త రాణికి అర్జీ అందించారు. విచారణ ఏళ్లతరబడి సాగింది. 38 హత్యలు రుజువయ్యాయి. 1768లో ఆమెని రెడ్ స్క్వేర్‌లో జనం ముందు నిలబెట్టి, ఆ తర్వాత మఠంలో బందీని చేశారు. 1801లో చచ్చేదాకా ఆమె అక్కడే ఉంది. కేథరిన్ న్యాయానికి ఉదాహరణగా దీన్ని చూపిస్తుంటారు. కానీ ఆ ఇద్దరు రైతులు 1767 ఆగస్టు తర్వాత అదే అర్జీ పట్టుకెళ్లి ఉంటే, కొరడా పడేది వాళ్ల వీపు మీదే.

రైతు అడిగింది ఏమిటో కాగితం మీద కావాలంటే పుగచోవ్ ప్రకటనలు చదవాలి. ఈ దోన్ కొసాక్కు తానే చచ్చిపోయాడనుకున్న మూడో పీటర్‌నని చెప్పుకుని 1773లో యాయిక్ నది దగ్గర తిరుగుబాటు లేపాడు. మరుసటి ఏడాది జూలైలో ఇచ్చిన ప్రకటనలో రైతులకి విడుదల, భూములు, అడవులు అన్నీ ఇచ్చాడు. సైన్యానికి మనిషిని ఇవ్వక్కర్లేదన్నాడు, తలపన్ను లేదన్నాడు. వోల్గా వెంట పల్లెలు భగ్గుమన్నాయి, దొరల కుటుంబాలకి కుటుంబాలే హతమయ్యాయి. 1775 జనవరిలో మాస్కోలో పుగచోవ్ తల నరికారు. యాయిక్ పేరు ఎవరికీ గుర్తుండకూడదని నదికి ఉరాల్ అని పేరు మార్చారు.

ఆ కాలపు కళ గురించి మాట్లాడేటప్పుడు ప్రస్కోవ్యా జెంచుగోవాని మరిచిపోకూడదు. సెర్ఫు కమ్మరి కూతురు. షెరెమెత్యెవ్ ప్రభువుల కుస్కోవో రంగస్థలం మీద చిన్నపిల్లగా ఉన్నప్పుడే పాడటం మొదలుపెట్టి, రష్యాలోనే మేటి గాయనుల్లో ఒకరైంది. 1787లో కుస్కోవోకి వచ్చిన కేథరిన్ ఆమె పాటకి మురిసి వజ్రపు ఉంగరం ఇచ్చింది. విడుదల మాత్రం కేథరిన్ పోయాక, 1798లో, ఆమె యజమాని నికొలాయ్ షెరెమెత్యెవ్ చేతుల మీదుగా దక్కింది. 1801లో ఆయన ఆమెని గుట్టుగా పెళ్లి చేసుకున్నాడు, 1803లో బిడ్డని కన్న కొద్ది రోజులకే ఆమె చనిపోయింది. అంత గొప్ప గొంతు ఉన్న మనిషి కూడా చట్టం దృష్టిలో ఒకరి ఆస్తి. మాస్కో పత్రికల్లో సెర్ఫుల అమ్మకానికి ప్రకటనలు పడేవి. ఈ దుస్థితి గురించి పుస్తకం రాసినందుకు 1790లో రదీషెవ్‌కి ముందు మరణశిక్ష వేసి, తర్వాత సైబీరియాకి పంపించారు.

కేథరిన్ ఖాతాలో రైతుకి నిజంగా జరిగిన మేలు ఒకటుంది. 1764లో చర్చి భూముల్ని ప్రభుత్వం తీసుకోవడంతో మఠాల కింద వెట్టి చేస్తున్న లక్షలమందికి కాస్త ఊపిరాడింది. అయితే అదే రాణి తన వాళ్లకి రైతులతో సహా ఎస్టేట్లు బహుమతులుగా ఇచ్చింది, 1783లో ద్నీపర్ ఎడమ గట్టు ఉక్రెయిన్ రైతుల్ని కూడా కట్టిపడేసింది. కూడికలూ తీసివేతలూ చేస్తే నాకు మిగిలేది నష్టమే.

ఇక రెండో అలెగ్జాండర్. దయ పొంగి విడుదల చేశాడని అనుకోనక్కర్లేదు. క్రిమియా యుద్ధంలో 1856 నాటికి రష్యా ఓడిపోయింది. సెర్ఫుల సైన్యంతో, వెట్టి వ్యవసాయంతో ముందుకు పోలేమని తేలిపోయింది. మాస్కో దొరలతో ఆ ఏడాదే చెప్పేశాడు: కిందనుంచి దానంతటది రద్దయ్యేదాకా ఆగడం కంటే పైనుంచి మనమే రద్దు చేయడం మేలు అని. 1861 ఫిబ్రవరి 19న సంతకం పెట్టాడు. దొరలకి స్వేచ్ఛ వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే 99 ఏళ్ల ఒక రోజు. సుమారు 2.3 కోట్ల మంది సెర్ఫులు మనుషులుగా లెక్కకొచ్చారు. ఇక అమ్మడం లేదు, కొనడం లేదు. దొరని అడగకుండా పెళ్లి చేసుకోవచ్చు, ఆస్తి కొనుక్కోవచ్చు, కోర్టుకి వెళ్లొచ్చు.

భూమి దగ్గరే చిక్కు. రైతుకి భూమి వచ్చింది గానీ ఊరికే రాలేదు. ఏడాదికి దొరకి 10 రూబుళ్లు కడుతున్న రైతుని తీసుకోండి. ఆ 10 రూబుళ్లు 6 శాతం వడ్డీగా వచ్చే అసలు ఎంతో లెక్కగట్టారు: 166 రూబుళ్ల 67 కోపెక్కులు. అదే భూమి ధర. పూర్తి కమతానికి అందులో 80 శాతం, అంటే దాదాపు 133 రూబుళ్లు, ప్రభుత్వం బాండ్లుగా దొరకి ఇచ్చింది. మిగతాది రైతు సొంతంగా చూసుకోవాలి. ప్రభుత్వం ఇచ్చిన దానికి ఏటా 6 శాతం, అంటే 8 రూబుళ్లు, 49 ఏళ్లపాటు కట్టాలి. మొత్తం 392 రూబుళ్లు. ఇక్కడ ధర కట్టింది భూమికి కాదు, రైతు ఏటా ఇచ్చే సొమ్ముకి. అందుకే సారం లేని ఉత్తరాది నేలల్లో రైతు బజారు ధర కంటే ఎంతో ఎక్కువ కట్టాడు. సారవంతమైన నల్లరేగడి ప్రాంతాల్లోనేమో అప్పటిదాకా దున్నుకుంటున్న నేలలో కొంత దొరలు కోసుకున్నారు. డబ్బు కట్టలేనివాళ్లు పూర్తి కమతంలో నాలుగో వంతు ఉచితంగా తీసుకుని ఊరుకున్నారు, దాంతో కుటుంబం గడవలేదు. బాకీలకి ఊరు మొత్తం పూచీ. ఊరి సంఘం ఒప్పుకోకపోతే రైతుకి పాస్‌పోర్టు లేదు, పట్నం లేదు.

రైతులకి ఇది మోసంలాగే కనిపించింది. కజాన్ ప్రాంతంలోని బెజ్ద్నా గ్రామంలో ఆంతోన్ పెత్రోవ్ అనే చదువొచ్చిన రైతు, అసలు ప్రకటనలో పూర్తి విడుదలే ఉందని, దొరలు దాచేస్తున్నారని చెప్పాడు. వేలమంది చుట్టూ చేరారు. 1861 ఏప్రిల్‌లో సైన్యం కాల్పులు జరిపి పదులమందిని చంపింది, పెత్రోవ్‌ని కాల్చి చంపారు. ఈ మచ్చ ఎవరూ కడగలేరు.

అయినా నా ఓటు అలెగ్జాండర్‌కే. 1864లో జ్యూరీతో బహిరంగ న్యాయస్థానాలు వచ్చాయి. జ్యూరీలో రైతులు కూడా కూర్చున్నారు. అదే ఏడాది జెమ్స్త్వో అనే స్థానిక మండళ్లు వచ్చాయి, వాటి డబ్బుతో పల్లెల్లో బడులు, ఆసుపత్రులు వెలిశాయి. 1874లో యుద్ధమంత్రి దిమిత్రీ మిల్యూతిన్ తెచ్చిన చట్టంతో దొర కొడుకుకీ రైతు కొడుకుకీ సైనిక సేవ ఒక్కటే అయింది, గరిష్ఠంగా 6 ఏళ్లు. ప్రాథమిక బడి పూర్తి చేసినవాడికి 4 ఏళ్లే. పీటర్ కాలంలో కొడుకుని జీవితాంతానికి ఇచ్చేసిన తల్లి పక్కన ఈ తల్లిని నిలబెట్టి చూడండి, తేడా తెలుస్తుంది. రచయిత చెఖోవ్ తాత సెర్ఫు. 1841లో కూడబెట్టిన డబ్బు దొరకి పోసి కుటుంబానికి విడుదల కొనుక్కున్నాడు. మనవడు డాక్టరై, 1892 కలరా రోజుల్లో మేలిహొవో చుట్టుపక్కల పల్లెల్లో జెమ్స్త్వో వైద్యుడిగా తిరిగాడు.

సగం విడుదల ఇచ్చినందుకే విప్లవం వచ్చిందని, అలెగ్జాండర్ అసలు సమస్యని వాయిదా వేశాడని అనేవాళ్లున్నారు. భూమి కోసం ఏటా కట్టిన వాయిదాల బరువు నిజమే. ఆ చెల్లింపులు 1905 తిరుగుబాటు తర్వాత, ఆయన మనవడి కాలంలో, 1907 నుంచి గానీ రద్దు కాలేదు. కానీ అదే దశకంలో అమెరికాలో విడుదలైన నల్లజాతి బానిసలకి ప్రభుత్వం భూమి ఇవ్వలేదు. రష్యాలో అప్పు మీదైనా, కోసేసిన ముక్కైనా, రైతు కింద నేల మిగిలింది. 1881 మార్చిలో బాంబు వేసి అలెగ్జాండర్‌ని చంపినవాళ్లు రైతుల పేరు మీదే చంపారు. రైతులు మాత్రం వాళ్ల వెంట లేవలేదు.

రెండో స్థానం నేను పీటర్‌కిస్తాను, ఆయన తలపన్ను 1887 దాకా పల్లెల్ని పీడించినా సరే. ఆయన బరువు దొర భుజం మీదా పడింది. కేథరిన్ దొర భుజం ఖాళీ చేసి, రైతు నోరు కూడా మూయించింది. మిగిలిన ఇద్దరికీ లేనంత చదువు ఉండి కూడా ఆ 1767 ఆజ్ఞని వెనక్కి తీసుకోలేదు. అందుకే ఈ ముగ్గురిలో ఆమె నాకు చివరే.