పీహెచ్‌క్యూ-9: కుంగుబాటు కొలిచే ఒక్క పేజీ ఫారం

తొమ్మిది ప్రశ్నలు, అయిదు నిమిషాలు, వాడినందుకు రుసుము లేదు. ఓపీలో ఇంత పనికొచ్చే కాగితం అరుదు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా ఉందో బట్టి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3; మొత్తం 27. 10 వచ్చిందంటే వివరంగా మాట్లాడాలి, 20 నుంచి తీవ్రం. రోగ నిర్ధారణ మాత్రం దీనితో చేయకూడదు.

చాలామంది ఇవాళ్టి మూడ్‌ని బట్టి టిక్కు పెట్టేస్తారు. అందుకే ‘రెండు వారాలు’ అని పైకి చదివి వినిపించాలి. నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నల్లో ఇంకో చిక్కు: థైరాయిడ్, రక్తహీనత ఉన్నవాళ్లకీ, గర్భిణులకీ మనసు బాగున్నా స్కోరు పెరగొచ్చు.

తొమ్మిదోది చావు ఆలోచనల గురించి. మొత్తం ఎంత తక్కువున్నా సరే, అక్కడ 1 పడితే పెన్ను పక్కన పెట్టి నేరుగా అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు చేతిలో పెట్టి పంపండి.