‘ఇదం న మమ’ అనవలసింది ఎవరు? ఒక ఆన్‌లైన్ హోమ సేవపై సమీక్ష

మొన్న మార్గశిరంలో మా నాన్నగారికి డెబ్బై ఏళ్ళు నిండాయి. భీమరథ శాంతి ఇంట్లోనే చేయించాలని ఉన్నా డాలస్ నుంచి వెళ్ళడానికి నాకు సెలవు కుదరలేదు. నడుము నొప్పితో పీటల మీద రెండు గంటలు కూర్చోలేనని కాకినాడ నుంచి నాన్నగారు ముందే చెప్పేశారు. అందుచేత హైదరాబాదులో ఒక హాలు అద్దెకు తీసుకుని, యజమానులు ఎక్కడ ఉన్నా వారి గోత్రనామాలతో హోమాలు జరిపించి వీడియోలో చూపించే ఒక ఆన్‌లైన్ సంస్థ ద్వారా ఆయుష్య హోమం, మృత్యుంజయ హోమం చేయించాను. సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలలో ఒకటి పూర్తిగా నాది. మిగిలినవాటిలో ఇలాంటి సేవలన్నిటికీ తగిలేవి ఉన్నాయి కనుక పేరుతో పెద్దగా పని లేదు.

ముందు బాగున్నవి చెబుతాను. ధరలు మూడు రకాలు: 5,116, 11,116, 21,116 రూపాయలు. వ్యాపారం ఎంత కొత్తదైనా నూటపదహార్లను వదలకపోవడం నాకు నచ్చింది. నేను మధ్యదాన్ని ఎంచుకున్నాను. గోత్రం, నక్షత్రం, కుటుంబ సభ్యుల పేర్లు రాయించుకుని ఊరుకోకుండా, ముందురోజు ఫోన్ చేసి ఒక్కొక్కటే చదివి వినిపించి, మా అమ్మ పేరులో నేను తప్పుగా రాసిన ఒత్తును కూడా దిద్దుకున్నారు. హోమం భారత కాలమానం ప్రకారం ఉదయం 6:30కి, అంటే మాకు ముందురోజు రాత్రి 7 గంటలకు మొదలు కావాలి. సరిగ్గా ఆ నిమిషానికే లింకు తెరుచుకుంది. పెళ్ళి ముహూర్తాలకే అరగంట ఆలస్యంగా వచ్చే పురోహితులను చూసినవాణ్ణి కనుక ఇది చిన్న సంగతి అనుకోను.

పురోహితుడు ముప్పై ఏళ్ళ లోపు యువకుడు. స్వరం ఎక్కడా జారలేదు. సంకల్పంలో ఆయన "శ్రీశైలస్య వాయవ్యప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యప్రదేశే" అని హోమగుండం ఉన్న హైదరాబాదును చెప్పారు. అమెరికాలోని మన గుడులలో "క్రౌంచద్వీపే, రమణకవర్షే" అని అమెరికానే చెప్పడం వినడానికి అలవాటుపడిన నా చెవికి ఒక సందేహం తగిలింది: చెప్పవలసింది అగ్ని ఉన్న చోటా, యజమాని ఉన్న చోటా? తరువాత అడిగితే, "కర్మ జరిగే చోటే చెప్పాలండి, మీరూ ఇక్కడే కూర్చున్నట్టు భావన చేసుకోవాలి" అన్నారు. నేను మాత్రం ఆ సమయానికి సోఫాలో, ఒళ్ళో లాప్‌టాప్‌తో కూర్చున్నాను.

అసలు విషయం ఆహుతులతో మొదలవుతుంది. ఆయన స్రువంతో నెయ్యి తీసి "అగ్నయే స్వాహా" అని గుండంలో వేసి, మావైపు చూసి "అగ్నయ ఇదం న మమ, అనండి" అన్నారు. ఇది అగ్నిది, నాది కాదు అని దాని అర్థం. మొదటి నాలుగైదు ఆహుతులకు నేను అన్నాను. తరువాత తెలిసింది, నా మైకు మూసి ఉందని. మధ్య ధరకు హోమం ఒక్క కుటుంబానిది కాదు. ఆ ఉదయం మరో మూడు కుటుంబాలు కలిసి ఉన్నాయి. అందరి ఇళ్ళ చప్పుళ్ళు కలవకూడదని నిర్వాహకులు అన్ని మైకులూ మూసేశారట. ఎటునుంచీ జవాబు రాకపోవడంతో కొంతసేపటికి ఆ యువకుడే "స్వాహా" అని వేసి, "ఇదం న మమ" అని కూడా తానే అనుకుంటూ ముందుకు సాగారు.

పైకి చూస్తే ఇది సాంకేతిక లోపమే. అయితే ఏ మాట పోయిందో చూడండి. యజ్ఞవిధులు చెప్పే కాత్యాయన శ్రౌతసూత్రం యజ్ఞం అంటే ఏమిటో మూడు మాటల్లో చెప్పింది: ద్రవ్యం, దేవత, త్యాగం. నెయ్యి కరిగించడం, సమిధలు పేర్చడం, మంత్రం చదవడం, ఆహుతి వేయడం, ఇవన్నీ ఋత్విక్కులు, అంటే యజ్ఞం జరిపించే పురోహితులు, చేయవచ్చు; అందుకే వారిని వరణం చేసి, దక్షిణ ఇచ్చి నియమించుకుంటాం. ద్రవ్యం ఎవరిదో వారే దాన్ని వదలాలి. నా డబ్బుతో కొన్న నెయ్యి నాది కాదని ఇంకొకరు అంటే, ఆ మాట వారి నోట ఎలాగూ నిజమే, ఎందుకంటే అది మొదటినుంచీ వారిది కాదు! నిజం కావడానికి కొంచెమైనా కష్టం కలిగించవలసిన ఆ మాట, కష్టమేమీ లేని నోటికి చేరిపోయింది. పదకొండు వేలు పుచ్చుకుని సమస్తమూ అమర్చిన సేవలో, నా వంతుగా మిగిలిన ఒకే ఒక్క పనిని కూడా నా చేతిలోంచి తీసేశారు.

ఇక నా లోపం. మైకు మూసి ఉందని తెలిసిన క్షణం నాకు కోపం రాలేదు, తేలికపడ్డాను. నలభయ్యో ఆహుతి దాటేసరికి పక్క కిటికీలో ఆఫీసు మెయిల్ తెరిచి రెండు జవాబులు కూడా పంపాను. ఈ సంగతి దాచిపెట్టి సంస్థకు మార్కులు వేయడం న్యాయం కాదు.

నెయ్యి గురించి కాస్త ఎక్కువ రాయాలి. కెమెరా ఒకసారి పక్కకు తిరిగినప్పుడు బల్ల కింద పసుపుపచ్చని డబ్బాలు వరుసగా కనిపించాయి. రికార్డింగు పంపాక దాన్ని ఆపి పెద్దది చేసి చూశాను. "దీపారాధనకు మాత్రమే, తినడానికి కాదు" అని అట్టమీద స్పష్టంగా ఉంది. ప్యాకేజీ వివరాలలో "స్వచ్ఛమైన ఆవు నెయ్యి" అని ఉంది. ఫోన్ చేసి అడిగితే వినియోగదారుల విభాగంలోని అబ్బాయి మర్యాదగానే, "కాలిపోయేదే కదండీ, తినేది కాదు కదా" అన్నాడు.

ఆ జవాబు వినగానే నవ్వు వచ్చింది, ఎందుకంటే కఠోపనిషత్తు మొదలయ్యేదే ఇక్కడ. వాజశ్రవసుడు సర్వస్వం దానం చేసే యజ్ఞం చేస్తూ ఎలాంటి ఆవులను దక్షిణగా తోలాడో ఉపనిషత్తు అర్ధశ్లోకంలో చెబుతుంది: "పీతోదకా జగ్ధతృణా దుగ్ధదోహా నిరింద్రియాః". తాగవలసిన నీళ్ళు తాగేసినవి, మేయవలసిన గడ్డి మేసేసినవి, పాలన్నీ పిండేసినవి, ఇక ఈనే శక్తి లేనివి. ఆ లెక్క చూసి సిగ్గుపడిన కొడుకే నచికేతుడు, "నన్ను ఎవరికిస్తావు?" అని తండ్రిని మూడుసార్లు అడిగి యముడి ఇంటికి చేరాడు. వాజశ్రవసుడు శాస్త్రం తప్పలేదు. ఆవులను ఇచ్చాడు, లెక్కకు లోటు లేదు. ఇచ్చినందువల్ల తన పెరట్లో తగ్గింది మాత్రం ఏమీ లేదు. మన పళ్ళెంలో పడదగిన నెయ్యి అగ్నిలో పడితేనే "నాది కాదు" అనే మాటకు బరువు ఉంటుంది. ఎవరి పళ్ళానికీ పనికిరాని దానికి త్యాగమనే మాట ఎందుకు, పారబోత చాలు. అయినా నేనూ 21,116 రూపాయల ప్యాకేజీ పక్కన "ఇంట్లో వాడే ఆవు నెయ్యి" అనే మాట చూసి, పదివేల తేడా లెక్కవేసి, మధ్యదాన్నే నొక్కాను కదా. ముసలి ఆవును ఎంచుకున్నవాడికి తోలినవాడిని తప్పుపట్టే అధికారం సగమే ఉంటుంది.

అన్నదానం ఈ సేవలో విడిగా కొనుక్కోవలసిన అంశం. టిక్కు పెడితే ఇరవైమంది భోజనానికి రెండు వేలు కలుస్తాయి. పెట్టకపోతే హోమం అన్నం లేకుండానే ముగుస్తుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయం తామస యజ్ఞానికి గుర్తులు చెబుతూ విధి లేనిది, అన్నం పెట్టనిది, మంత్రం లేనిది, దక్షిణ లేనిది, శ్రద్ధ లేనిది అంటుంది. విధి, మంత్రం ఇక్కడ నిక్షేపంగా ఉన్నాయి. శ్రద్ధ సంగతి పైన ఒప్పుకున్నాను. అన్నం ఐచ్ఛికం. దక్షిణ ఎంతో, ఎవరికి ఎంత చేరుతుందో బిల్లులో ఎక్కడా లేదు. "అన్నీ కలిపి" అని ఒకే అంకె. యజమాని చేతినుంచి ఋత్విక్కు చేతికి వెళ్ళవలసిన తాంబూలం ఇప్పుడు జీతాల పట్టికలో ఒక వరుస అయి ఉండవచ్చు. పురోహితుణ్ణి అడిగాను. ఆయన నవ్వి మాట మార్చారు.

అదే పురోహితుడు చివరలో చేసిన పని వల్ల ఈ సేవకు నేను పెద్ద మార్కే వేస్తున్నాను. పూర్ణాహుతి అయ్యాక, తన ఎదుట గడియారం చూపిస్తున్న నిర్వాహకుణ్ణి చేత్తో ఆగమని, మైకులు తెరిపించి, "మీ మీ ఇళ్ళలో ఒక పళ్ళెం, ఉద్ధరిణి, నీళ్ళు తెచ్చుకోండి" అన్నారు. ఇది ప్యాకేజీలో లేదు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి స్టీలు గ్లాసు, చెంచా తెచ్చాను. నాన్నగారు మరో కిటికీలో అమ్మ చేతులమీదుగా రాగి పంచపాత్ర అందుకుంటున్నారు. పురోహితుడు ఒక్కొక్క కుటుంబం పేరు చెప్పి హోమఫలాన్ని ధారపోసి, ఆ ఫలాన్ని కూడా పరమేశ్వరార్పణం అని మాచేత నీళ్ళు వదిలించారు. నలుగురి ఇళ్ళలోనూ చెంచాల చప్పుడు వినిపించింది. రెండు గంటల్లో నేను నిజంగా చేసిన పని అదే.

నీళ్ళు వదలడం అనే ఆచారం తెలుగులో రెండు దారులు పట్టింది. "జీవితం ధారపోశాడు" అంటే మెచ్చుకోలు. "ఆ డబ్బుకు నీళ్ళొదులుకో" అంటే ఇక ఆశ పెట్టుకోకు అని. చేతిలోంచి జారిన నీళ్ళు వెనక్కి రావన్నదే రెండిటికీ మూలం. వామనుడికి బలిచక్రవర్తి ధారపోస్తుంటే శుక్రాచార్యుడు పోయి కలశం రంధ్రానికి అడ్డంపడింది అందుకే. మాట ఇచ్చినా ఫరవాలేదు, నీళ్ళు మాత్రం పడకూడదని ఆ గురువుగారి తాపత్రయం.

హోమం ముగిశాక నాన్నగారికి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను. "కుర్రవాడు బాగా చదివాడు" అని, కొంత ఆగి తన వారాల రోజులు ఎత్తుకున్నారు. వారాలు అంటే తెలియని పిల్లలకోసం చెబుతున్నాను: పేద విద్యార్థి ఊళ్ళో ఏడు ఇళ్ళు మాట్లాడుకుని, వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట్లో భోంచేసి చదువుకునేవాడు. నాన్నగారు హైస్కూలు అలాగే పూర్తిచేశారు. గురువారం ఇంటి ఇల్లాలు ఆయనకు వడ్డించాక గిన్నె అడుగున గరిట గీకిన చప్పుడు వినిపించేదట. ఆ చప్పుడు వినిపించిన రోజున ఆవిడ తినేది మజ్జిగతో రెండు ముద్దలేనని ఆయనకు చాలా ఏళ్ళ తరువాత, తన పెళ్ళయ్యాక గానీ తట్టలేదట. ఆవిడ ఏ మంత్రమూ చెప్పి ఉండదు.

భారతంలో ధర్మరాజు అశ్వమేధం చివర వచ్చే ముంగిస గుర్తుకు వచ్చింది. కురుక్షేత్రంలో పరిగె గింజలు ఏరుకుని బతికే ఒక పేద కుటుంబం, చాలా రోజుల ఆకలి తరువాత దొరికిన పేలపిండిని నాలుగు వంతులు చేసుకుని, వచ్చిన అతిథికి ఒకరి తరువాత ఒకరు తమ వంతు పెట్టేస్తారు. అక్కడ రాలిన పిండిలో పొర్లిన ముంగిసకు ఒంట్లో సగం బంగారమైంది. మిగిలిన సగం కోసం అది యజ్ఞాలన్నీ తిరిగి, అశ్వమేధానికి కూడా వచ్చి పొర్లాడి, ఫలితం లేక ధర్మరాజు ముఖం మీదే నవ్వింది. అశ్వమేధంలో విధికీ దక్షిణకూ లోటు లేదు. అక్కడ ఎవరి పళ్ళెమూ ఖాళీ కాలేదు, అంతే. మా హోమగుండం పక్కన ఆ ముంగిస పొర్లితే ఏమయ్యేదో నేను ఊహించదలుచుకోలేదు.

ఇంతకీ ఈ సేవ తీసుకోవచ్చా అంటే, తప్పనిసరి అయినవారు తీసుకోవచ్చు. పెద్దవాళ్ళు కదలలేని ఇళ్ళకు, మన పురోహితులు దొరకని ఊళ్ళకు ఇది అక్కరకు వస్తుంది. మంత్రం శుద్ధంగా చెవిన పడటం కూడా తక్కువ లాభం కాదు. బుక్ చేసేటప్పుడు మాత్రం మూడు విషయాలు ముందే రాతపూర్వకంగా అడగండి: మైకు తెరిచి ఉంచుతారా, ఏ నెయ్యి వాడతారు, దక్షిణను యజమానే నేరుగా ఇవ్వవచ్చా. నెయ్యి నలుగురూ తినేది అయ్యేలా చూసుకోండి, అవసరమైతే ఒక కిలో మీరే కొని హాలుకు పంపండి. ప్రసాదం పార్సిల్ పదకొండు రోజులకు అందింది. విభూతి పొట్లం చిరిగి ఎండుద్రాక్షలో కలిసిపోయింది, దాని గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. మొత్తంమీద ఐదింట మూడు నక్షత్రాలు వేస్తున్నాను. అందులో రెండు ఆ యువకుడివి.

నెయ్యి డబ్బా బొమ్మ జతచేసి ఫిర్యాదు పంపిన నాలుగో రోజున, తేడా కింద 650 రూపాయలు నా ఖాతాలో వెనక్కి జమ అయ్యాయి. నాది కాదని నీళ్ళు కూడా వదిలేసిన దానిలో కొంత భాగం ఇలా తిరిగి వస్తే అది ఎవరిదో నాకు తేలలేదు. నాన్నగారిని అడిగితే, "ఆ పంతులుగారికి పంపించెయ్, దక్షిణ అనుకుంటాడు" అన్నారు. ఆ మాటే సంస్థకు రాశాను. పురోహితులకు విడిగా చెల్లించే ఏర్పాటు తమ విధానంలో లేదనీ, కావాలంటే ఆ మొత్తాన్ని నా తరువాతి హోమానికి కూపన్‌గా మార్చి ఇస్తామనీ నిన్న జవాబు వచ్చింది.