ఫ్లారెన్స్‌లో ఒక చేప, నాలుగు శాండ్‌విచ్‌లు

ఇటలీలో హోటల్ మెనూ చూసేటప్పుడు ధర పక్కన చిన్న అక్షరాల్లో ‘ఎట్టో’ అని ఉందేమో చూసుకోండి. ఉంటే ఆ ధర ప్లేటుకి కాదు, వంద గ్రాములకి. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఫ్లారెన్స్‌లో మా మొదటి రాత్రి అలా పాడయ్యేది కాదు. అందుకే మిగతా సంగతులన్నిటికంటే ముందు ఇది చెప్తున్నాను.

2024 అక్టోబరులో వెళ్లాం. నేను, మా ఆయన, ఏడో తరగతి చదువుతున్న మావాడు, మా అత్తయ్య. రోమ్‌లో మూడు రోజులు హాయిగా గడిచాయి. అక్కడి నుంచి ఫ్లారెన్స్‌కి ఫాస్ట్ రైల్లో గంటన్నర. నెల ముందే కొన్నాం కాబట్టి టికెట్ తలా 24.90 యూరోలకే వచ్చింది. స్టేషన్‌కి దగ్గరలో తీసుకున్న అపార్ట్‌మెంట్ రాత్రికి 140 యూరోలు, సిటీ ట్యాక్స్ అదనం. శుభ్రంగా ఉంది, లిఫ్ట్ ఉంది, అత్తయ్య మోకాళ్లకి ఇబ్బంది లేదు.

ఆ రాత్రి భోజనానికి పెద్ద చర్చి దగ్గర సందులో ఒక రెస్టారెంట్‌లో కూర్చున్నాం. బయట నిలబడ్డ మనిషి ఆప్యాయంగా పిలిచాడు, అత్తయ్యకి కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టాడు. మా ఆయనది గోదావరి పక్క ఊరు, చేప కనిపిస్తే ఇంకేమీ అడగరు. మెనూలో సముద్రపు చేప 7.50 అని ఉంది. వెయిటర్ ట్రేలో చేపని తెచ్చి చూపించాడు, కళ్లు మెరుస్తున్నాయి, తాజాదే. ‘ఎంత?’ అని మా ఆయన అడిగితే మెనూలో ఆ 7.50 మీద వేలు పెట్టి చూపించి వెళ్లిపోయాడు. బరువు మాట ఎత్తలేదు. అత్తయ్యకీ మావాడికీ టమాటా సాస్‌తో పాస్తా చెప్పాం.

బిల్లు 129.50 యూరోలు వచ్చింది. చేప కిలో నూరు గ్రాములట, దానికే 82.50. పాస్తాలు రెండూ కలిపి 28. నీళ్ల సీసా 5. ‘కోపెర్టో’ అని తలకి 3.50 చొప్పున 14. అది బల్ల మీద బ్రెడ్ పెట్టి, గుడ్డ పరిచినందుకు తీసుకునే రుసుము. మెనూలో రాసి ఉంటే ఇక్కడ చాలా ఊళ్లలో వసూలు చేస్తారు, దాని గురించి నాకు పేచీ లేదు. కానీ ధర అడిగిన మనిషికి వంద గ్రాముల లెక్క చూపించి, అది వంద గ్రాములకి అని చెప్పకపోవడం మోసమే. మా ఆయన మర్యాదగానే అడిగారు. ‘రాసి ఉంది కదా’ అన్నాడు వెయిటర్. నిజమే, నలకంత అక్షరాల్లో రాసి ఉంది. యూరో అప్పుడు 90 రూపాయలు, అంటే నలుగురి భోజనానికి పదకొండు వేలు దాటింది.

డబ్బు పోయిన బాధ తెల్లారేసరికి తగ్గేదే. నన్ను కుదిపింది అత్తయ్య మాట. మావయ్య పోయినప్పటి నుంచి ఆవిడ నీచు ముట్టరు. తన కోసం శాకాహారం వెతుక్కుంటూ వెళ్లడం వల్లే ఆ హోటల్లో పడ్డామని మనసులో పెట్టుకున్నారు. పొద్దున్నే బ్యాగులోంచి కందిపొడి డబ్బా తీసి, ‘నాకు రెండు బ్రెడ్డు ముక్కలు చాలమ్మా, మీరు ముగ్గురూ బయట తినండి’ అన్నారు. ఇంత దూరం తీసుకొచ్చి ఆవిడని పొడితో సరిపెట్టుకోమనడానికి నాకు మనసొప్పలేదు.

ఆ రోజు ఉఫీజీ మ్యూజియంకి 11.45 స్లాట్ ఉంది. అప్పుడు టికెట్ 25 యూరోలు, బుకింగ్ 4. 18 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ ఉచితం, బుకింగ్ 4 యూరోలు కడితే సరిపోయింది. మ్యూజియం వెనక వీధి పేరు వియా దేయి నేరి. ‘ఆల్ ఆంటికో వినాయో’ అనే శాండ్‌విచ్ దుకాణం అక్కడే ఉంది. పేరుకి అర్థం పాతకాలపు వైన్ అంగడి అని. ఇప్పుడు రోమ్, మిలాన్, న్యూయార్క్‌లలో కూడా శాఖలు ఉన్నాయి, కానీ మొదలైంది ఈ వీధిలోనే. వీధికి అటూ ఇటూ వీళ్ల కౌంటర్లే ఉంటాయి. ఒక వైపు క్యూ పొడుగ్గా కనిపిస్తే రెండో వైపు చూడండి, పదార్థం అదే.

మేం పదిన్నరకి వెళ్లాం, పన్నెండు నిమిషాల్లో లోపలికి చేరాం. గాజు వెనక పెద్ద పెద్ద రొట్టెలు, బల్లంత పొడవు. ఈ రొట్టెని స్కియాచ్చాతా అంటారు, అంటే అదిమినది అని. ఫ్లారెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతంలో మామూలు రొట్టెలో ఉప్పు వెయ్యరు, రాత్రి హోటల్లో పెట్టింది అదే, చప్పగా ఉండి ఎవరం తినలేదు. ఇది వేరు. పైన ఆలివ్ నూనె, కళ్లుప్పు. కత్తి దిగితే కరకరమని చప్పుడు, లోపల మాత్రం దూదిలా ఉంటుంది. కోసిన రొట్టెని పుస్తకంలా తెరిచి ముందు క్రీమ్ రాస్తారు, ఆ పైన కాగితమంత పల్చగా అప్పటికప్పుడు మిషన్ మీద కోసిన మాంసం మడతలు మడతలుగా పేరుస్తారు.

మా వంతు వచ్చినప్పుడు కౌంటర్లో పాతికేళ్లు కూడా ఉండవు, ఒక అబ్బాయి ఉన్నాడు. వెనక జనం తోసుకొస్తున్నారు. నేను అత్తయ్యని చూపించి ‘వెజెటేరియానా’ అన్నాను. చీజ్ కూడా వద్దన్నాను. ఇటలీలో పెకొరీనో, పార్మిజానో లాంటి చీజ్‌ల కోసం పాలని దూడ లేదా గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన రెన్నెట్ అనే పదార్థంతో విరుస్తారు. నిష్ఠగా శాకాహారం తినేవాళ్లు ఇది తెలుసుకుని వెళ్లడం మంచిది. ఆ అబ్బాయి విసుక్కోలేదు. చేతికున్న గ్లవ్స్ తీసి కొత్తవి తొడుక్కున్నాడు, కత్తి తుడిచాడు. ఒక్కో గిన్నె పైకెత్తి నేరుగా అత్తయ్యకే చూపించాడు, నాకు కాదు. కారంగా వేయించిన వంకాయ, ఆవిడ తల ఊపారు. జుకీని, ఊపారు. ఆర్టిచోక్ అనే కూరగాయతో చేసిన క్రీమ్ చూపిస్తూ అందులో చీజ్ లేదని నాకు చెప్పాడు. ఎండబెట్టిన టమాటాలు, రుకోలా ఆకు. చివర్లో ఆవిడకి చెయ్యెత్తి దణ్ణం పెట్టి పొట్లం అందించాడు. ముందు రోజు మాకు కుర్చీ లాగినవాడికంటే ఈ పిల్లాడి మర్యాద ఎన్నో రెట్లు ఎక్కువ.

మా ఆయన ‘ఫావోలోజా’ తీసుకున్నారు, ఇక్కడ అందరూ అడిగేది అదే. సోంపు వేసి చేసిన మెత్తటి పంది సలామీ, గొర్రెపాల చీజ్ క్రీమ్, ఆర్టిచోక్ క్రీమ్, కారం వంకాయ ఉంటాయి. మావాడికి పిస్తా పలుకులున్న మోర్టడెల్లా, అదీ పంది మాంసమే. నాకు మొజరెల్లా చీజ్, టమాటా, తులసి జాతి బేసిల్ ఆకు. 10, 9, 8, అత్తయ్యది 8, నీళ్లు రెండు సీసాలు 3. మొత్తం 38 యూరోలు, కార్డు తీసుకున్నారు. నీళ్లు కొనకపోయినా పోయేది. దగ్గరలోనే సిన్యోరియా కూడలిలో నెప్ట్యూన్ విగ్రహం పక్కన ఉచిత నీళ్ల కుళాయి ఉంది, అందులో గ్యాస్ నీళ్లు కూడా వస్తాయి.

కూర్చోవడానికి చోటు లేదు, అది వీళ్ల దగ్గర పెద్ద లోటు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. పోనీ అక్కడే గడప మీద కూర్చుందామంటే 2018లో ఈ వీధిలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, సాయంత్రం 6 నుంచి 10 దాకా గడపల మీద, కాలిబాట మీద ఆగి తినకూడదని మేయర్ ఉత్తర్వు పెట్టారు, 150 నుంచి 500 యూరోల జరిమానాతో. శాండ్‌విచ్ కాగితాలతో వీధి నిండిపోతే ఇరుగుపొరుగు ఏం చేస్తారు, వాళ్ల కోపం న్యాయమైనదే. మేం పొట్లాలు పట్టుకుని ఐదు నిమిషాలు నడిచి సాంతా క్రోచే చర్చి ముందున్న కూడలికి వెళ్లాం. అక్కడ రాతి బెంచీలు ఉన్నాయి. గెలీలియో సమాధి ఈ చర్చిలోనే ఉందని తెలిసి మావాడు తినడం మానేసి లేచి నిలబడ్డాడు.

అత్తయ్య పొట్లం విప్పి ముందు వాసన చూశారు. సగం తిని పక్కన పెడతారనుకున్నాను, అంత పెద్దది. మాట్లాడకుండా తిన్నారు. నూనె వేళ్ల మీదికి కారింది. ‘వంకాయ మన పచ్చికారం పెట్టి వేయించినట్టే ఉందే అమ్మాయ్, రొట్టె మాత్రం మన దగ్గర రాదు’ అన్నారు. రాత్రి నుంచి ఆవిడ నోటి వెంట వచ్చిన మొదటి పెద్ద మాట అది. కందిపొడి డబ్బా బ్యాగులో అలాగే ఉంది. మా ఆయన ముఖం కూడా అప్పుడే తేటపడింది.

మర్నాడు సాయంత్రం ఏడింటికి మళ్లీ వెళ్లాం, అది మా పొరపాటు. యాభై నిమిషాలు నిలబడ్డాం, మావాడు చిరాకుతో మారాం చేశాడు, రొట్టె పొద్దుటంత కరకరలాడలేదు. కౌంటర్లో వేరే మనిషి, ఏది కావాలో గబగబా చెప్పమన్నాడు. గ్లవ్స్ మార్చమని మేమే అడగాల్సి వచ్చింది, అడిగితే మార్చాడు. కాబట్టి వెళ్తే పొద్దున పదకొండు లోపు వెళ్లండి, గాజు వెనక గిన్నెలు చూపించి అడగండి, మొహమాటపడకండి. ఇద్దరు మామూలు తిండి తినేవాళ్లకి ఒకటి సరిపోతుంది, మధ్యకి కోసి ఇమ్మంటే ఇస్తారు.

వెనిస్ వెళ్లే రోజు రైలు పన్నెండుకి. పది దాటగానే అత్తయ్యే చెప్పులు వేసుకుని తయారయ్యారు. ‘రైల్లోకి పొట్లం కట్టించుకుందాం, ఆ అబ్బాయే ఉంటాడేమో చూడు’ అన్నారు. ఆ అబ్బాయే ఉన్నాడు. ఆవిడని చూడగానే నేనేం చెప్పకముందే కొత్త గ్లవ్స్ అందుకున్నాడు.