రెండో నట్టు విప్పితేనే ఆయిల్ మార్చినట్టు

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ (పోత ఇనుప సిలిండర్ ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ బైక్) ఉన్నవాళ్ళకు ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఆయిల్ మార్చేటప్పుడు మెకానిక్ ఇంజిన్ అడుగున ఎన్ని డ్రెయిన్ నట్లు విప్పుతున్నాడో పక్కన కూర్చుని చూడండి. ఒక్కటే విప్పితే సగం పని మిగిలిపోయినట్టే.

నాది నాన్న దగ్గర్నుంచి వచ్చిన 1984 మోడల్ 350. 2020 జూన్ నుంచి విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి వరండాలో దీనికి ఆయిల్ నేనే మారుస్తున్నాను. ఆరు నెలలకోసారి లెక్కన ఇప్పటికి పదకొండుసార్లు అయింది. ఏ గ్రేడ్ ఆయిల్, ఎంత పడుతుంది అన్నవి బండి ఉన్నవాళ్ళందరికీ తెలిసినవే. నాకు ప్రాణమైనది క్రాంక్ కేసులో, అంటే ఇంజిన్ అడుగు పెట్టెలో, క్రాంక్ (పిస్టన్‌కు తగిలించిన ఇరుసు) తిరిగే గది కింద ఉండే ఆ రెండో నట్టు. మొదటిది ఆయిల్ ట్యాంకుది. ఎందుకో చెప్పాలంటే లాక్‌డౌన్ దగ్గరికి వెళ్ళాలి.

ఆ మార్చి నెలాఖరు నుంచి బండి కదల్లేదు. జూన్ మొదట్లో తీద్దామని డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూస్తే దాదాపు పొడిగా ఉంది. రెండు నెలల్లో ఆయిల్ కారిపోయిందనుకున్నాను. బండి కింద నేల మీద నాలుగైదు చుక్కల మరక తప్ప ఏమీ లేదు. అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. ఇంట్లో ఉన్న లీటరు డబ్బా మొత్తం పోసేశాను. కిక్ రాడ్ ఎన్నడూ లేనంత బరువుగా దిగింది. పదో కిక్కుకు స్టార్ట్ అయింది, వెంటనే వీధంతా తెల్లటి పొగ. ఇంజిన్‌లోని గాలి బయటికి పోయే బ్రీదర్ పైపులోంచి ఆయిల్ చైన్ మీదా, వెనక టైరు మీదా చిమ్ముతోంది. భయపడి ఆపేశాను.

తోసుకుంటూ ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. సైలెన్సర్ దగ్గర పొగ చూసి పిస్టన్ రింగులు పోయాయన్నాడు. బోరింగ్ (సిలిండర్ లోపల కోత పెట్టడం), కొత్త పిస్టన్ కలిపి తొమ్మిది వేలు చెప్పాడు. నాన్న ముప్పై ఏళ్ళు నడిపిన ఇంజిన్ నా చేతిలోకి రాగానే పోయిందే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్న పక్కింటి మావయ్యకు చెప్పాను. ఆయన షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. అంతా విని ఒకటే అడిగారు. "నువ్వు లీటరు పోశావు సరే. ముందున్న ఆయిల్ ఏటయిపోయిందనుకున్నావు?" నా దగ్గర జవాబు లేదు. పాత బేసిన్ పెట్టించి, స్పానర్‌తో కింద నట్టు ఆయనే విప్పారు. నల్లటి ఆయిల్ ధార ఎంతసేపటికీ ఆగలేదు. సీసాలతో కొలిస్తే లీటరున్నర. క్రాంక్ తిరిగే గదిలో మామూలుగా ఒక కప్పుకు మించి ఉండకూడదు.

ఈ ఇంజిన్‌లో ఆయిల్ ట్యాంకు అంటే క్రాంక్ కేసులోనే వెనకవైపు ఉన్న ఒక గది. ఒక పంపు అక్కణ్ణుంచి ఆయిల్‌ను బిగ్ ఎండ్‌కు (పిస్టన్ కడ్డీ క్రాంక్‌ను పట్టుకునే చోటికి) పంపుతుంది, రెండో పంపు కిందికి దిగినదాన్ని తోడి వెనక్కి తెస్తుంది. బండి చాలా రోజులు కదలకపోతే అరిగిన పంపు సందుల్లోంచి ట్యాంకులోది కొద్దికొద్దిగా క్రాంక్ గదిలోకి జారిపోతుంది. డిప్‌స్టిక్ చూపించేది ట్యాంకును మాత్రమే. అంటే ఆయిల్ బండిలోనే ఉంది, నేను దాని మీద ఇంకో లీటరు పోశాను. ట్యాంకు నట్టు కూడా విప్పి అంతా ఖాళీ చేసి, కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తే, సైలెన్సర్‌లో మిగిలిన ఆయిల్ కాలిపోయేదాకా కాసేపు పొగ వచ్చి ఆగిపోయింది. రింగులు ఈరోజుకీ అవే.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. రుషికొండ దాకా వెళ్ళి వచ్చి, ఇంజిన్ వేడిగా ఉండగానే రెండు నట్లూ విప్పుతాను. ఫిల్టరు మార్చిన రోజు దాని గదిలో కొంచెం ఆయిల్ పోసి మూస్తాను, బిగ్ ఎండ్ పొడిగా తిరగకూడదని. ముందు రెండు లీటర్లు పోసి, కొన్ని నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపి, కాసేపాగి అప్పుడు డిప్‌స్టిక్ చూసి మిగతాది పోస్తాను. చల్లటి ఇంజిన్‌కు డిప్‌స్టిక్ చూసి ఆయిల్ కలపడం పూర్తిగా మానేశాను. చివర్లో ఇంజిన్ పైన రాకర్‌కు (వాల్వులను నొక్కే చేతికి) వెళ్ళే పైపు బోల్టు కాస్త వదులు చేసి, ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ ఊరుతోందో లేదో చూస్తాను. అక్కడ తడి కనబడ్డాకే మనసు కుదుటపడుతుంది.

అయితే ఈ నట్టుతో జాగ్రత్త కూడా అంతే కావాలి. నట్టు ఉక్కుది, క్రాంక్ కేసు అల్యూమినియంది. 2022లో కారకూడదని గట్టిగా బిగించి క్రాంక్ కేసులోని మర (త్రెడ్) చెడగొట్టాను. ఇంజిన్ దించకుండా కొత్త మర వేయించడానికి రెండు రోజులు తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు కొత్త వాషరు వేసి, చేత్తోనే చివరిదాకా తిప్పి, స్పానర్‌తో కొద్దిగా బిగిస్తాను. మన సముద్రపు గాలికి నట్టు తల తుప్పు పడుతుంది, పైన కాస్త గ్రీజు రాస్తే తుప్పు పట్టి అరగదు, తుడిచి విప్పితే స్పానర్ జారదు.

కొత్త ఆయిల్ పడగానే ఇంజిన్ చప్పుడు మెత్తబడుతుందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. నిజమే, కానీ మూడు నాలుగు వందల కిలోమీటర్లకు టాపెట్ల (వాల్వులను కదిపే భాగాల) చప్పుడు మళ్ళీ మామూలే. ఆయిల్ మార్చడం టాపెట్లు సరిచేయడానికి బదులు కాదు.

నాకు కింది ఇల్లు, వరండా ఉన్నాయి. నెలకు నూటయాభై కిలోమీటర్లు తిప్పితే ఎక్కువ. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు లీటర్ల నల్లటి ఆయిల్‌తో ఇదంతా చేయమని ఎవరికీ చెప్పలేను. అలాంటివాళ్ళు మెకానిక్‌కే ఇచ్చి, రెండో నట్టు మాత్రం దగ్గరుండి విప్పించుకుంటే చాలు. రోజూ బండి తీసేవాళ్ళకు ఆయిల్ అంతగా జారే సమయమే ఉండదు. నాలా పది పదిహేను రోజులకోసారి తీసేవాళ్ళు పంపు మార్చుకోవడం మంచిదని మావయ్య అంటున్నారు. రెండో నట్టు నుంచి మొన్న వచ్చింది ఒకటిన్నర కప్పు. రెండు కప్పులు దాటితే మారుస్తానని ఆయనకు మాటిచ్చాను.