వైజాగ్‌లో క్వార్టర్ ర్యాక్: చోటు చవకే, పేచీ అంతా కరెంటుతోనే

వైజాగ్‌లో సర్వర్ పెట్టుకోడానికి చవకలో చోటు దొరుకుతుందా అని ఎవరైనా అడిగితే, దొరుకుతుంది, ముందు బ్రేకర్ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) చూసి రండి అంటాను. మధురవాడ వైపు ఓ చిన్న డేటా సెంటర్‌లో క్వార్టర్ ర్యాక్, అంటే సర్వర్లు పెట్టే బీరువాలో పావు వంతు, తీసుకుని రెండేళ్లు దాటింది. ఆ బ్రేకర్ మీద కోపం ఇంకా చల్లారలేదు.

డ్రోన్ ఫోటోల నుంచి మ్యాపులు తయారుచేసే పని మాది. రెండు సర్వర్లు, ఒక్కోదాంట్లో రెండేసి ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులు. పని జోరుగా నడుస్తుంటే కార్డు ఒక్కోటి 350 వాట్లు లాగుతుంది. మిగతా సరంజామా కలుపుకుంటే 2 కిలోవాట్ల దగ్గర తేలుతుంది. అలా ఆపకుండా నడిపితే నెలకు 1,440 యూనిట్లు, ఏసీ ఖర్చు వేరే. హైదరాబాద్‌లో అడిగినచోటల్లా ర్యాక్ అద్దె మామూలుగానే చెప్పి, కేవీఏ (ఎంత కరెంటు వాడుకోవచ్చో చెప్పే కొలత, ఇంచుమించు కిలోవాట్ లాంటిదే) దగ్గరికొచ్చేసరికి గుండె గుభేల్మనే రేటు చెప్పారు. ఇక్కడ 2 కేవీఏ, ఎ, బి అని రెండు ఫీడ్లు (విడివిడి కరెంటు లైన్లు), దాదాపు సగం ధర. పైగా ఎంవీపీ కాలనీ నుంచి బండి మీద వెళ్లి డిస్క్ మార్చి రావొచ్చు. 2014 హుద్‌హుద్‌లో రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపిన ఊరు కదా, జనరేటర్‌కి డీజిల్ ఎంత నిల్వ ఉంటుందో కూడా అడిగాం. ట్యాంకు చూపించారు. మొదటి ఏడాది అడిగిన ప్రతివాళ్లకీ ఇదే చోటు చెప్పాను.

ఆ తర్వాతి వేసవిలో ఒక రాత్రి, యూపీఎస్ బ్యాటరీలు మార్చాలని 'ఎ' ఫీడ్ ఆపారు. ముందే మెయిల్ పెట్టారు, అందులో తప్పేమీ లేదు. సర్వర్లకి రెండేసి పవర్ సప్లైలు ఉన్నాయి కాబట్టి లోడంతా 'బి' ఫీడ్ మీదకి వెళ్లింది, పని ఆగలేదు. అరగంట గడిచాక, ఇక పడుకుందాం అనుకుంటుంటే రెండు సర్వర్లూ ఒకేసారి మాయం. ఫోన్ చేస్తే నైట్ డ్యూటీ కుర్రాడు ఎత్తాడు.

"సార్, బి బ్రేకర్ పడిపోయింది. పైకి లేపుతుంటే నిలబడట్లేదు."

"ఎన్ని ఆంపియర్లది బాబూ అది?"

"ఆరు సార్."

2 కేవీఏ అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు. ఆ మాత్రం ఎక్కువైతే ఆరు ఆంపియర్ల బ్రేకర్ వెంటనే పడదు. లోపలి లోహపు పట్టీ మెల్లగా వేడెక్కి, వంగి, అప్పుడు కొడుతుంది. మాది అరగంట ఓర్చుకుంది. పట్టీ చల్లబడేదాకా మళ్లీ నిలబడదు కూడా. మామూలు రోజుల్లో లోడు రెండు ఫీడ్ల మీదా చెరిసగం పోతుంది, ఇక ఈ లొసుగు ఎవరికి కనబడుతుంది? పొద్దున్న సేల్స్ ఆయన్ని నిలదీస్తే "రెండు ఫీడ్లూ కలిపే 2 కేవీఏ సార్" అన్నాడు. ఒకటి పోతే రెండోది మోయాలనే కదండీ రెండు పెట్టేది!

ఆ రాత్రి గట్టెక్కించింది ఆ కుర్రాడే. బ్రేకర్ చల్లారాక సర్వర్లు ఒక్కోటీ విడిగా ఆన్ చేసి, వైరుకి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించి, అంకె మారినప్పుడల్లా ఫోన్లో చదివి వినిపించాడు. నేను ఇంటి నుంచి కార్డుల పవర్ లిమిట్ దించుతూ పోతే, కార్డుకి 220 వాట్ల దగ్గర మీటరు 6.4 ఆంపియర్లు చూపించి నిలబడింది, ఆ కాస్త ఎక్కువకి బ్రేకర్ పడలేదు. తెల్లారేదాకా అలాగే నడిపాం.

16 ఆంపియర్ల బ్రేకర్లు వేయించుకోడానికి బాగానే తిరగాల్సి వచ్చింది. కేబుల్ కూడా మార్చాలని విడిగా డబ్బులు తీసుకున్నారు. గిగావాట్ స్థాయి డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించిన ఊళ్లో, మేం 2 కేవీఏ కోసం పోట్లాడుతున్నాం!

చవక అన్నాను గానీ, కేబుల్ ఖర్చు కలిపితే ఆ ఏడాది మిగిలింది అంతంతమాత్రమే. సముద్రపు గాలికి ర్యాక్ స్క్రూలు అప్పుడే తుప్పు పడుతున్నాయి. నెట్ లైన్ కూడా ఒక్కటే, రోడ్డు తవ్వకాల్లో తెగితే అంతే సంగతులు.

మా పని ఆగినా మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, ఇల్లు దగ్గర. కాబట్టి మాకు సరిపోతోంది. ఆసుపత్రి బిల్లింగ్ లాంటిది నడిపేవాళ్లైతే హైదరాబాదో చెన్నైయో చూసుకోవడమే మంచిది. ఈమధ్యే ఒప్పందం పొడిగించాం. రెండు ఫీడ్లలో ఏది పోయినా మిగిలినదాని మీద పూర్తి 2 కేవీఏ ఇస్తామని రాయించాకే సంతకం పెట్టాను. అద్దె మాత్రం కొంచెం పెంచారు.